కనుమ భోజనానికి కోనసీమ ప్రయాణం

సంక్రాంతికి అమ్మమ్మగారింటికి వెళ్లాలనుకోగానే మా కుటుంబంలో టిక్కెట్ల కంటే ముందు కనుమ నాటి భోజనం గురించిన చర్చ మొదలవుతుంది. భోజనం అరగంటలో అయిపోతుంది గానీ దాని ఆలోచన రోజుల తరబడి నడుస్తుంది. పండగ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఆ ఆలోచనే.

అమ్మమ్మ ఊరు అంబాజీపేట దగ్గర. కనుమ నాడు అక్కడికి దగ్గరలోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల గ్రామాల నుంచి ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు ఊళ్ల శివుళ్లు, వెదురుతో ఎత్తుగా కట్టి రంగుబట్టలతో అలంకరించిన ప్రభలపై తరలివస్తారు. వ్యాఘ్రేశ్వరం ప్రభ తోటలోకి వచ్చేటప్పుడు మిగిలిన ప్రభలన్నింటినీ గౌరవంగా పైకెత్తుతారు. ఆ దృశ్యం తప్పిపోకూడదు కాబట్టి మా ఇంట్లో వంటకు గడువు పెట్టేది గడియారం కాదు, వ్యాఘ్రేశ్వరం ప్రభే.

ఈసారి పెద్ద మావయ్య కూతురి పెళ్లయ్యాక వచ్చిన మొదటి సంక్రాంతి కూడా కావడంతో చర్చ మరింత వేడెక్కింది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో అమ్మా పిన్నీ ఒకే ఫోను చెరో చెవికీ మార్చుకుంటూ, కొత్త అల్లుడికి ఏం పెట్టాలో రాత్రి చాలాసేపు మాట్లాడారు. తెల్లవారుజామున రాజమండ్రిలో దిగి, కారులో జొన్నాడ వంతెన మీదుగా గోదావరి పాయ గౌతమిని దాటి రావులపాలెం చేరగానే, అమ్మ కారు ఆపించి ఒక కట్ట అరిటాకులు కొన్నది. సంగతి తెలిసి చిన్న మావయ్య ఫోనులోనే నవ్వాడు. "అక్కా, పెరటినిండా అరటిచెట్లున్న ఇంటికి ఆకులు కొనుక్కొచ్చేదానివి నువ్వొక్కదానివే!"

అసలు పేచీ గారెల దగ్గర వచ్చింది. కనుమ నాడు మినుము తినాలన్న మాటలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అయితే గారెలకు నాటుకోడి పులుసు తోడుండాలని చిన్న మావయ్య పట్టు. ప్రభ కళ్లబడేదాకా నీసు పొయ్యెక్కడానికి వీల్లేదని అమ్మమ్మ మాట.

"అల్లుడుగారికి ఉత్త గారెలు పెడితే ఏమనుకుంటారమ్మా?"

"ఏమీ అనుకోరు. ముందు దణ్ణం పెట్టుకుని రండిరా, తర్వాత చూద్దాం."

అల్లుడుగారు వినయంగా, "నాకు పప్పుచారుంటే చాలండి," అన్నారు. మొహమాటానికి అంటున్నారని అందరూ తీర్మానించుకున్నారు.

మధ్యాహ్నం గారెలు, పనసపొట్టు కూర, పులిహోర, పరమాన్నం. తీర్థం నుంచి తిరిగొచ్చాక కోడి పులుసు అని పిన్ని ఒక రాజీ చెప్పింది. పొద్దున రుబ్బిన పిండి సాయంత్రానికి జారిపోయి పులుస్తుందని, వేస్తే నూనె పీల్చేస్తుందని పెద్దత్తయ్య అడ్డు చెప్పింది. చివరికి పప్పును రెండు విడతలుగా నానబోయాలని తేలింది. ఆవిడ రుబ్బుతుంటే నేను పక్కనే కూర్చున్నాను. నీళ్లు చిలకరించడమే తప్ప పోయడం లేదు; చిన్న ముద్ద తీసి నీళ్లగిన్నెలో వేసి, అది తేలాకే పొత్రం ఆపింది. తడిచేత్తో ఆకు మీద పిండి తట్టి, వేలితో చిల్లు పెట్టి, నూనెలోకి జార్చింది. అంచులు కరకరలాడుతూ లోపల దూదిలా ఉన్న ఆ గారెకు నిజంగా ఏ తోడూ అక్కర్లేదు.

ఇంటిల్లిపాదీ తిని సమయానికే తోటకు చేరాం. గంగలకుర్రు ప్రభలను భుజాల మీద మోసుకుంటూ, "అశ్శరభ శరభ" అని అరుస్తూ, జనం పచ్చని వరిచేలలోంచి నడిచి కౌశిక కాలువలోకి దిగి దాటుతుంటే, అంతదాకా మసాలా పాళ్ల గురించి వాదించుకుంటున్న మావయ్యలిద్దరూ మాట ఆపేసి చేతులు జోడించారు.

రాత్రి రెండో వాయి గారెలు, నాటుకోడి పులుసు వచ్చాయి. వడ్డన మొదలవగానే కొత్త అల్లుడుగారు పెద్దత్తయ్యను పక్కకు పిలిచి, కొంచెం పప్పుచారు ఉందేమోనని అడిగారు.