ఇంగ్లీషులో రేపటి సంగతి చెప్పే తీరు

మన బడుల్లో ఇంగ్లీషు కాలాలను మూడు గడుల పట్టికగా వేసి, చివరి గడిలో 'విల్', 'షల్' అని రాసి ముగిస్తారు. భూతకాలానికి 'వెంట్' ఉన్నట్టే భవిష్యత్తుకూ ఒక రూపం ఉంటుందన్న నమ్మకం అక్కడే పాతుకుపోతుంది. నిజానికి ఇంగ్లీషు క్రియకు వర్తమానంలో ఒక రూపం, భూతంలో ఒక రూపం ఉన్నాయి గానీ భవిష్యత్తుకంటూ సొంత రూపం లేదు. అందుకే ఆ భాషలో భవిష్యత్కాలమనేదే లేదని వాదించే వ్యాకర్తలు ఉన్నారు, ఆ వాదన నాకు సబబుగానే తోస్తుంది. రేపటి సంగతి చెప్పడానికి ఇంగ్లీషువాళ్ళు వేరే పనులకున్న రూపాలను వాడుకుంటారు. వాటిలో దేన్ని ఎంచుకోవాలన్నది ఆ పని ఎంత దూరంలో ఉందన్నదానికంటే, ఏ ఆధారంతో ఆ మాట అంటున్నామన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది.

ఇంట్లో పాలు అయిపోయాయని ఎవరో అన్నారనుకుందాం. 'ఐ విల్ గెట్ సమ్' అంటే ఆ మాట చెవిన పడ్డాకే తెద్దామని అనుకున్నట్టు. 'ఐ యామ్ గోయింగ్ టు గెట్ సమ్' అంటే ఆ సంగతి ముందే తెలుసు, తేవాలని అప్పటికే నిశ్చయించుకున్నాను అని. మొదటి వాక్యం విన్నవారు థాంక్స్ చెప్తారు, రెండోది విన్నవారు ఓహో, నీకు తెలుసా అంటారు. 'ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో' అన్నప్పుడు అపాయింట్‌మెంటు తీసుకోవడం కూడా అయిపోయింది, అంటే అవతలి పక్షం కూడా ఒప్పుకుంది. 'ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్' అనే వాక్యానికి టైంటేబుల్ ఆధారం. అందులో మాట్లాడేవారి ఇష్టంతో పనే లేదు.

ఈ తేడాలు మనకు కొత్తవేమీ కావు. 'రేపు ఊరెళ్తున్నాం' అని తెలుగులోనూ వర్తమాన రూపంతోనే చెప్తాం, 'రేపు వర్షం పడుతోంది' అని మాత్రం అనం; ఇంగ్లీషులోనూ 'ఇట్ ఈజ్ రైనింగ్ టుమారో' చెల్లదు, ఎందుకంటే వానతో ముందస్తు ఏర్పాటు ఎవరూ చేసుకోలేరు. (రేపటి మ్యాచ్ గెలుస్తున్నాం అనే క్రికెట్ అభిమానుల సంగతి వేరు.) కమ్ముకొస్తున్న మబ్బును చూపించి చెప్పాలంటే 'ఇట్ ఈజ్ గోయింగ్ టు రైన్' అంటారు. మన 'పడబోతోంది'లోనూ పోవడమే ఉంది కదా.

'విల్', 'షల్' విషయానికి వస్తే, పాత ఇంగ్లీషులో మొదటిది కోరికను, రెండోది బాధ్యతను చెప్పే క్రియలు. ఉత్తమ పురుషలో, అంటే 'ఐ', 'వి'లతో, జోస్యానికి 'షల్', మాట ఇవ్వడానికి 'విల్', మిగతా పురుషల్లో అందుకు తలకిందులు అనే సూత్రాన్ని జాన్ వాలిస్ 1653లో లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో వివరించాడు. అనంతానికి గుర్తును 1655లో ప్రవేశపెట్టిన గణితవేత్త కూడా ఆయనే. మామూలు వాడుకలో ఆ సూత్రానికి ఇవాళ దాదాపు కాలం చెల్లింది. 'షల్ ఐ ఓపెన్ ద విండో?' వంటి ప్రశ్నలోనూ, చట్టాల భాషలోనూ 'షల్' ఇంకా గట్టిగా ఉంది. మన రాజ్యాంగం మొదటి అధికరణంలో 'ఇండియా, దట్ ఈజ్ భారత్, షల్ బీ ఎ యూనియన్ ఆఫ్ స్టేట్స్' అన్నది భవిష్యత్తును ఊహించడం కాదు, శాసించడం.

మనవాళ్ళు తడబడేది ముఖ్యంగా రెండు చోట్ల. తెలుగులో 'రోజూ గుడికి వెళ్తాను', 'రేపు గుడికి వెళ్తాను' అనే రెండింటికీ క్రియ ఒక్కటే కాబట్టి, 'డెయిలీ ఐ విల్ గో టు టెంపుల్' అనే వాక్యం అలవోకగా వచ్చేస్తుంది. అలవాటు చెప్పేటప్పుడు అక్కడ 'విల్' అక్కర్లేదు. రెండోది 'వెన్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్'. ఈ తప్పు తెలుగు నేర్పింది కాదని నా అనుమానం. 'ఆయన వచ్చినప్పుడు చెప్తాను' అంటామే తప్ప, రాబోయే రాకే అయినా ఆ మొదటి సగంలో మనం భవిష్యత్తు రూపం పెట్టం. ఇంగ్లీషు కూడా 'వెన్ హి కమ్స్' అనే అంటుంది. భవిష్యత్తు కనబడ్డచోటల్లా 'విల్' తగిలించమన్న ఆ పట్టికే ఇక్కడ మనల్ని చెడగొట్టింది. 'ఇఫ్ యు విల్ వెయిట్ హియర్' వంటి మర్యాద వాక్యంలో 'విల్' నిలుస్తుంది, కానీ అక్కడి అర్థం దయచేసి ఆగితే అని, పాతకాలపు కోరిక అర్థం అందులో ఇంకా మిగిలే ఉంది.

అసలు 'విల్' ఉన్నంత మాత్రాన అది రేపటి మాటే కానక్కర్లేదు. తలుపు తట్టిన చప్పుడు విని 'దట్ విల్ బీ ద పోస్ట్‌మ్యాన్' అన్నవారు ఆ క్షణంలో బయట ఉన్న మనిషి గురించే ఊహిస్తున్నారు. ఇదే సందర్భంలో మనం 'పోస్ట్‌మ్యాన్ అయ్యుంటాడు' అంటాం, అక్కడా రేపటి సంగతికి వాడే 'ఉంటాడు' అనే రూపమే.

వీటన్నిటిలోనూ సున్నితమైనది, బడిలో ఎవరూ చెప్పనిది, 'విల్ బీ' తర్వాత 'ఇంగ్' చేరిన రూపం. 'విల్ యు కమ్ టుమారో?' అంటే రమ్మని అడిగినట్టు, కాదంటే అడిగినవారి మాట తీసేసినట్టు అవుతుంది. 'విల్ యు బీ కమింగ్ టుమారో?' అంటే మీరు వచ్చే ఏర్పాటు ఎలాగూ ఉందేమో తెలుసుకుంటున్నాను, అంతే. రాకపోయినా ఇబ్బంది లేదు. పై అధికారికి గానీ, అంతగా చనువులేని పెద్దలకు గానీ మెయిల్ రాసేవారు ఈ రెండో రూపాన్నే ఎంచుకోవడం మేలు.