కరెంటు పెట్టించుకున్న మనిషిని ముట్టుకోవచ్చా

కోనసీమలోని ఒక పట్టణంలో ఎక్స్‌రే విభాగంలో పనిచేస్తున్నందువల్ల, రేడియేషన్ గురించి ఏ సందేహం వచ్చినా బంధువులు, ఇరుగుపొరుగు వారు నన్నే అడుగుతారు. వాటిలో అన్నిటికంటే ఎక్కువసార్లు వినిపించేది ఈ శీర్షికలోని ప్రశ్నే. క్యాన్సర్‌కు కిరణాలతో చేసే చికిత్సను, అంటే రేడియోథెరపీని, మా వైపు కరెంటు పెట్టడం అంటారు. కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఆ చికిత్స పూర్తిచేసుకుని ఇంటికి వచ్చిన మనిషికి కంచం, గ్లాసు వేరు చేయడం, చంటిపిల్లలను ఆ గదిలోకి పంపకపోవడం చదువుకున్న ఇళ్లలో కూడా చూస్తున్నాను. అదే ఇళ్లవారు డాక్టరు రాయకపోయినా, ‘ఎందుకైనా మంచిది, ఒకసారి స్కాన్ తీసేయండి’ అంటూ ఎక్స్‌రేలతోనే తీసే సీటీ స్కాన్ కోసం వస్తారు. భయం అక్కర్లేని చోట భయపడుతూ, జాగ్రత్త కావలసిన చోట దాన్ని మరిచిపోతున్నాం. దీనివల్ల మనుషులు బాధపడుతున్నారు కనుక నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ఎక్స్‌రేలు, గామా కిరణాలు, ఆల్ఫా, బీటా కణాలు అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగలిగినంత శక్తి కలవి. అవి శరీరంలోకి చొచ్చుకుపోయినప్పుడు జీవకణంలోని డీఎన్ఏ పోగులను నేరుగా తెంచుతాయి, లేదా కణంలోని నీటిని విడగొట్టి, అలా పుట్టిన చురుకైన రసాయనాల ద్వారా తెంచుతాయి. తెగిన పోగులను కణం చాలావరకు తానే అతుక్కుంటుంది. అతుకు కుదరకపోతే కణం చనిపోతుంది. తప్పుగా కుదిరితే ఆ తప్పుతోనే బతుకుతూ, ఏళ్లు గడిచాక క్యాన్సర్‌కు దారితీయవచ్చు. చర్మం కమిలిపోవడం, జుట్టు రాలడం, రక్తకణాలు పడిపోవడం కణాలు చనిపోవడం వల్ల వచ్చేవి. వాటికి ఒక హద్దు ఉంటుంది, మోతాదు ఆ హద్దు దాటనంతవరకు అవి కనిపించవు. క్యాన్సర్ సంగతి వేరు. దానికి అలాంటి హద్దు ఉన్నదని రుజువు కాలేదు కనుక, మోతాదు పెరిగేకొద్దీ వచ్చే అవకాశం కూడా పెరుగుతుందన్న లెక్కతోనే ప్రపంచమంతటా నిబంధనలు రాసుకున్నారు. శరీరం గ్రహించిన శక్తిని గ్రేలలో కొలుస్తారు. దానివల్ల కలిగే హానిని అంచనా కట్టడానికి సీవర్టును, అందులో వెయ్యో వంతైన మిల్లీసీవర్టును వాడతారు.

శరీరమంతటికీ ఒక్కసారిగా 4 గ్రేల మోతాదు తగిలి, వైద్యం అందకపోతే, అలాంటివారిలో దాదాపు సగం మంది రెండు నెలల లోపే చనిపోతారు. ఎముక మజ్జ, పేగుల లోపలి పొర వంటి చోట్ల కణాలు త్వరత్వరగా విభజన చెందుతుంటాయి కనుక మొదటి దెబ్బ వాటికే తగులుతుంది. 1986 ఏప్రిల్ 26న, ఇప్పటి ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు అక్కడ పనిచేస్తున్నవారిలోను, మంటలు ఆర్పడానికి వెళ్లినవారిలోను 134 మందికి తీవ్రమైన రేడియేషన్ జబ్బు నిర్ధారణ కాగా, వారిలో 28 మంది తొలి నెలల్లోనే మరణించారు. మరి నోటి క్యాన్సర్ రోగికి 60 నుంచి 70 గ్రేల వరకు ఇస్తారు కదా, ఆ మనిషి ఎలా తట్టుకుంటాడు అని అడిగేవారికి నేను మన కాలువ నీటినే చూపిస్తాను. వంతులవారీగా వదిలిన నీరు చేనును తడుపుతుంది, గండి పడి ఒక్కసారిగా వచ్చిన అదే నీరు చేనును ముంచుతుంది. చికిత్సలో రోజుకు సుమారు 2 గ్రేల చొప్పున, వారానికి ఐదు రోజులు, ఆరేడు వారాలపాటు, గడ్డ ఉన్న భాగానికే గురిపెట్టి ఇస్తారు. ఒక రోజుకూ మరుసటి రోజుకూ మధ్య దొరికే వ్యవధిలో మంచి కణాలు తమను తాము బాగుచేసుకుంటాయి, క్యాన్సర్ కణాలకు ఆ పని అంత బాగా చేతకాదు.

ఇక ముట్టుకోవడం సంగతి. బయటి నుంచి ఇచ్చే ఈ చికిత్సలో, కరెంటుతో కిరణాలు పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్ అయితే యంత్రం ఆపగానే కిరణాలు పుట్టడం ఆగిపోతుంది. కోబాల్ట్ యంత్రమైతే కిరణాలు వెదజల్లే ఆ కోబాల్ట్ తిరిగి తన కవచంలోకి వెళ్లిపోతుంది. రోగి శరీరంలో ఏమీ మిగిలి ఉండదు. మా వీధిలో చికిత్స ముగించుకుని వచ్చిన ఒక పెద్దావిడ, ‘మనవణ్ణి నా పక్కలో పడుకోనివ్వడం లేదమ్మా’ అని నా దగ్గర చెప్పుకుని కంటనీరు పెట్టుకున్నారు. ఆ పిల్లవాడు ఆవిడ పక్కలో పడుకోవచ్చు, ఆవిడ చేతి ముద్ద తినవచ్చు, ఆవిడ ఒళ్లో కూర్చోవచ్చు. ఆవిడ కోడలికి ఈ మాట నేనే వెళ్లి చెప్పాను. జాగ్రత్త అవసరమైన సందర్భాలు ఉన్నాయి, వాటిని దీనితో కలపకూడదు. థైరాయిడ్ జబ్బుకు, తానే కిరణాలు వెదజల్లే అయోడిన్-131 మింగించినప్పుడు ఆ పదార్థం రోగి శరీరంలోనే ఉంటుంది. అది ఎనిమిది రోజులకు సగం అవుతుంది, అంతకంటే వేగంగా మూత్రం ద్వారా బయటికి పోతుంది. ఆ రోగి మాత్రం ఆసుపత్రి వారు చెప్పినన్ని రోజులు గర్భిణులకు, చిన్నపిల్లలకు దూరంగా మసలాలి.

నోరు, గొంతు భాగాలకు కరెంటు పెట్టించుకునేవారు ఇంటివారు దూరంగా ఉంచడం వల్లే కాక, చికిత్స తెచ్చే అసలైన బాధల వల్ల కూడా నలిగిపోతారు. నోరు పూసి అన్నం కూడా మింగుడుపడదు, లాలాజలం తగ్గి నాలుక ఎండిపోతుంది, మెడ చర్మం నల్లబడి పొరలు లేస్తుంది. చికిత్స మొదలుపెట్టకముందే పళ్ల డాక్టరుకు చూపించి, చెడిపోయిన పళ్లను తీయించుకోవాలి. కిరణాలు తగిలిన దవడకు రక్తప్రసరణ తగ్గుతుంది కనుక, తరువాత పన్ను పీకిస్తే పుండు మానక ఎముక చనిపోయే ప్రమాదం ఉంది. ఈ ఒక్క సంగతి ముందుగా తెలియక అవస్థపడినవారి ఫిల్ములు తీసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. గోదావరి లంకల్లో పండే పొగాకు చుట్టలకు పేరుపడింది. పొగాకు ఆకులో పొలోనియం-210 అనే రేడియోధార్మిక పదార్థం సహజంగానే ఉంటుంది, నేలలోంచి, ఫాస్ఫేటు ఎరువుల నుంచి, గాలిలోంచి అది ఆకుకు చేరుతుంది. పొగ పీల్చినవారి ఊపిరితిత్తుల్లో అది ఆల్ఫా కణాలను వెదజల్లుతుంది. పొగాకులోని ఇతర విషాలతో పోలిస్తే దీని వాటా తక్కువే కావచ్చు, కాని రేడియేషన్ అంటే భయపడే మనిషి చేతిలో చుట్ట ఉన్నప్పుడు ఈ మాట చెప్పకుండా ఉండలేను.

మన ప్రాంతంలో చమురు, గ్యాసు బావులు, గొట్టపు మార్గాలు ఉన్నాయి కనుక మరో విషయం చెప్పాలి. గొట్టాల అతుకులను పరీక్షించడానికి ఇరిడియం-192 వంటి మూలకాలను, బావుల లోపలి రాతిపొరలను తెలుసుకోవడానికి సీజియం-137 వంటివాటిని పరిశ్రమలో వాడతారు. అవి కవచంలో ఉన్నంతసేపు భయం లేదు. కవచం నుంచి విడివడి, ఏమిటో తెలియని వారి చేతిలో పడితే ఏమవుతుందో 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో దేశమంతా చూసింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత ప్రయోగశాల యంత్రంలోని కోబాల్ట్-60ను తెలియక విడగొట్టడం వల్ల అక్కడివారు పలువురు గాయపడ్డారు, ఒకరు ప్రాణం కోల్పోయారు. పాత ఇనుము కొనేవారు, పొలం గట్టున మెరిసే లోహపు ముక్క దొరికినవారు దాని మీద మూడు రెక్కల గుర్తు ఉన్నా, చిన్న ముక్క అసాధారణంగా బరువున్నా, చేత్తో తీయకుండా దూరంగా జరిగి పోలీసులకు చెప్పాలి.

తక్కువ మోతాదుల సంగతికి వస్తే, భూమి మీద బతుకుతున్నందుకే ప్రతి మనిషికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి అందుతాయి. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే తగిలేది 0.1 మిల్లీసీవర్టు లేదా అంతకంటే తక్కువ. ఛాతీ సీటీ స్కాన్‌లో అది 5 నుంచి 7 వరకు ఉంటుంది. హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బయటపడినవారిని దశాబ్దాలుగా గమనిస్తూ వచ్చిన పరిశోధనలే, ఎంత మోతాదుకు క్యాన్సర్ అవకాశం ఎంత అన్న లెక్కలకు ప్రధాన ఆధారం. వారిలో మొదట కొన్నేళ్లకు రక్త క్యాన్సర్లు, ఆ తరువాత ఇతర క్యాన్సర్లు పెరిగాయి, కాని బాంబు తరువాత వారి కడుపున పడిన పిల్లల్లో వంశపారంపర్యమైన దోషాలు పెరిగినట్లు కనబడలేదు. ఆ ఆధారంతో వేసిన అంచనా ప్రకారం 10 మిల్లీసీవర్టుల స్కాన్ వల్ల ప్రాణాంతకమైన క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు రెండు వేల మందిలో ఒకరికి. గట్టు రోడ్డు మీద మోటారు సైకిలు నుంచి పడి తలకు దెబ్బ తగిలినవారికి, పక్షవాతం వచ్చినవారికి ఆ అవకాశం లెక్కలోకి రాదు, స్కాన్ వెంటనే తీయాలి. 2021లో కోవిడ్ రెండో విడతలో మాత్రం, జ్వరం తగ్గి బాగానే తిరుగుతున్నవారు కూడా ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు 25కి ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి కొద్ది రోజుల తేడాతో మళ్లీ మళ్లీ వచ్చారు. పిల్లల విషయంలో ఇంకా నిదానించాలి. తొమ్మిది ఐరోపా దేశాల్లో చేసి 2023లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సీటీ స్కాన్ తీసిన ప్రతి పది వేల మంది పిల్లల్లో తరువాతి పన్నెండేళ్లలో ఒకరిద్దరికి దానివల్ల రక్త క్యాన్సర్ రావచ్చు. అందుకే పాత ఫిల్ములను బీరువాలో భద్రపరిచి, కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చూపించమని అందరినీ కోరుతున్నాను; చాలా స్కాన్‌లు పాతవి దొరకకనే తిరిగి తీయవలసి వస్తుంది.

సెల్ టవర్ గురించి ఒక్క మాట. దాని తరంగాలకు డీఎన్ఏను తెంచేంత శక్తి లేదు. మన దేశం 2012లో టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. కొబ్బరి కాపు తగ్గితే టవర్‌ను తప్పుపట్టకుండా, చెట్టును, నేలను, తెగుళ్లను చూడాలని నా అభిప్రాయం.

గర్భిణుల విషయంలో మాత్రం భయమూ నిర్లక్ష్యమూ రెండూ చూస్తున్నాను. 1950లలో ఇంగ్లండులో అలిస్ స్టీవార్ట్ అనే వైద్యురాలు, గర్భంతో ఉన్నప్పుడు ఎక్స్‌రే తీయించుకున్న తల్లుల పిల్లల్లో క్యాన్సర్ ఎక్కువగా ఉన్నదని గుర్తించారు. ఎనిమిదో వారం నుంచి పదిహేనో వారం వరకు పిండం మెదడు ఎదిగే కాలం మరీ సున్నితమైనది. అయినా 100 మిల్లీగ్రేల (గ్రేలో పదో వంతు) లోపు మోతాదులో అవయవ లోపాలు వచ్చినట్లు ఆధారం లేదు, తల్లి ఛాతీ ఎక్స్‌రేలో పిండానికి చేరేది మిల్లీగ్రేలో వందో వంతు కంటే తక్కువ. నెల తప్పిన సంగతి తెలియక ఒక ఫిల్ము తీయించుకుని, ఆ భయంతో గర్భం తీయించుకోవాలని వచ్చినవారికి ఈ అంకెలు చెప్పి, ముందు డాక్టరుగారిని కలవమని పంపాను. అసలు చిక్కు అడగడంలో ఉంది. కొత్తగా పెళ్లైన అమ్మాయిని అత్తగారి ముందు, భర్త ముందు ‘నెల తప్పారా’ అని అడిగితే, తనకే రూఢి కాని సంగతిని ఆమె అందరి ఎదుట ఒప్పుకోదు, లేదని తల ఊపుతుంది. అందువల్ల తోడు వచ్చినవారిని బయట కూర్చోబెట్టి, తలుపు వేసిన తరువాత, చివరిసారి నెలసరి ఏ తేదీన వచ్చిందో ఆమెనే అడుగుతాను. ఏ మాత్రం అనుమానం ఉన్నా ఫిల్ము తీయకముందే డాక్టరుగారికి ఫోన్ చేసి, ఈ కిరణాలతో పనిలేని అల్ట్రాసౌండ్‌తోనో ఎంఆర్ఐతోనో సరిపోతుందేమో కనుక్కుంటాను.