నూతి అడుగున సముద్రం

బారువ నుంచి కళింగపట్నం దాకా సముద్రపొడ్డు ఇసుకలో చెలమ తీస్తే మంచినీళ్లు ఎలా ఊరతాయో తెలిసినవాళ్లకి లక్షద్వీప్ సంగతి ఇట్టే అర్థమవుతుంది. 36 దీవులూ కలిపినా 32 చదరపు కిలోమీటర్లే. జనం ఉండేవి పది. నది లేదు, గెడ్డ లేదు, కొండ అసలే లేదు. నైరుతి కెరటాలు పడమటి పగడపు గట్టు మీద విరుగుతాయి, గట్టు లోపల లోతు లేని ఉప్పు మడుగు, దానికి తూర్పున ఊరు. చాలా దీవుల తీరు ఇదే. ఆంత్రోత్‌కి మాత్రం మడుగు లేదు.

మరి తాగే నీరు? ఏడాదికి సుమారు 1600 మిల్లీమీటర్లు కురిసే వానే. పగడపు ఇసుకలో చుక్క నిలవదు, కిందికి దిగిపోతుంది. అక్కడ సముద్రపు నీరు ఉంటుంది. లీటరు ఉప్పునీరు 1025 గ్రాములు, వాననీరు 1000. తేలికది పైన తేలుతుంది. ఆ తేడా వల్లే, మంచినీటి మట్టం సముద్రం కంటే ఒక అంగుళం ఎత్తుంటే సముద్రమట్టానికి కింద నలభై అంగుళాల మంచినీరు ఉంటుందని లెక్క. దీవి నడుమ ఈ పొర మందం, ఒడ్డుకి వచ్చేసరికి పలచన. ఆటుపోట్లు రోజూ కలియబెడతాయి కాబట్టి నిజంగా దొరికేది లెక్క కంటే తక్కువే.

ఈ లెక్క తిరగబడిందంటే కష్టం. మోటారు పెట్టి గబగబా తోడితే, నూతిలో మట్టం దిగిన ప్రతి అంగుళానికీ అడుగునున్న ఉప్పు నలభై అంగుళాల దాకా పైకి ఉబికి రాగలదు. అందుకని నుయ్యి లోతు చెయ్యకూడదు, వెడల్పు చెయ్యాలి. ఒకే నూతి మీద పడకుండా నాలుగు నూతుల్లో కొంచెం కొంచెం తోడుకోవాలి. ఒకసారి ఉప్పు కలిసిందా, మోటారు ఆపి మళ్లీ వానలు పడేదాకా ఆగాల్సిందే. మరుగుదొడ్డి గుంట దగ్గరుంటే ఇంకో గండం: ముతక ఇసుక మురికిని సరిగా వడకట్టదు.

లక్షద్వీప్‌లోని కవరత్తి దీవిలో 2005లో, లోతు సముద్రపు చల్లదనంతో పైనీటి ఆవిరిని నీరు చేసే ప్లాంటు పెట్టారు. రోజుకి లక్ష లీటర్లు. నూతుల మీద భారం తగ్గించడానికి ఇది మంచి దారి.

మన భావనపాడు, పూసపాటిరేగ వైపు ఇసుక నేలల్లోనూ ఇదే నలభై లెక్క. కాకపోతే మనకి పడమటి నుంచి భూమిలో నీరు నడిచొస్తుంది. ఆ దీవులకి నాలుగు వైపులా ఉప్పే.