ఒకే ఫైలు, రెండు కిటికీలు

కోవూరులో రొయ్యల మేత కొట్లో లెక్కలు రాస్తుంటాను. రైతులు మేత అప్పుకి తీసుకెళ్లి, పట్టుబడి అయ్యాక కడతారు. ఎక్సెల్‌లో మేత బస్తాలు ఒక షీటు, జమలు ఇంకో షీటు. నిన్న రాత్రి చూస్తే 9,000 తేడా. ఇక్కడ అంకె చూడటం, కంట్రోల్ పట్టుకుని పేజ్‌డౌన్ కొట్టడం, అటు వెళ్లేసరికి ఆ అంకె మర్చిపోవడం! ఆఖరికి క్యాలెండర్ కాగితం వెనక రాసుకుంటున్నా.

మా అక్క కొడుకు క్యారియర్ తెచ్చి, "ఏంది మామా, ఇంకా కాలేదా?" అంటూ మౌస్ లాక్కున్నాడు. వ్యూలో న్యూ విండో నొక్కాడు. తర్వాత అరేంజ్ ఆల్, వర్టికల్. రెండో విండోలో షీటు మార్చాడు. ఎడమ పక్క మేత, కుడి పక్క జమ! ఫైలు రెండైపోయిందేమోనని నాకు టెన్షన్. కాదట, ఒకే ఫైలు రెండు చోట్ల కనిపిస్తోందంతే. ఒకదాంట్లో మారిస్తే రెండోదాంట్లోనూ మారుతుంది. వ్యూ సైడ్ బై సైడ్ నొక్కి సింక్రనస్ స్క్రోలింగ్ పెడితే రెండూ కలిసి జరుగుతాయి. నా షీట్లలో పేర్ల వరుస ఒకటి కాదు గనక అది ఆపేయించా.

తేడా 9తో తెగితే అంకెలు తారుమారయ్యాయేమో చూడమని మా పాత గుమస్తా చెప్పేవాడు. అదే అయింది. అల్లూరు రైతు ఒకాయన కట్టిన 45,000ని 54,000 అని కొట్టేశాను.

ఈలోపు చేపల పులుసు చల్లారిపోయింది. అది చల్లారితేనే బాగుంటుందిలెండి.