చూస్తే తెలిసేదా, కాంటా పెడితే తెలిసేదా

లెక్చరర్ పోస్టులకు అర్హత ఇచ్చే యూజీసీ నెట్‌లో కంప్యూటర్ సైన్స్ రాసేవాళ్లలో చాలామంది యూనిట్ 3ని, అంటే ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్ ఉండే భాగాన్ని, తేలిగ్గా తీసుకుంటారు. నేనూ అంతే. పేపర్ 2లో 100 ప్రశ్నలు, 200 మార్కులు, నెగెటివ్ లేదు. అందులోని ఊప్స్ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) అంటే నాలుగు డెఫినిషన్లు బట్టీ కొడితే చాలు అనుకున్నాను. పరీక్ష గట్టెక్కింది కానీ, ఆ తర్వాత ఒక కాలేజీ ఇంటర్వ్యూలో అదే యూనిట్ దగ్గర బోర్లా పడ్డాను.

అడిగింది చిన్న ప్రశ్నే. క్లాస్ (ఒక వస్తువుకు కోడ్‌లో రాసే నమూనా) డిజైన్ చేసేటప్పుడు ఏది ప్రాపర్టీగా పెడతావు, ఏది మెథడ్‌గా పెడతావు? "ప్రాపర్టీ అంటే డేటా, మెథడ్ అంటే పని సార్" అని నయీంనగర్ రూమ్‌లో రాసుకున్న నోట్స్ అప్పజెప్పాను. పక్కన కూర్చున్న మేడం, "సీ షార్ప్ లాంగ్వేజ్‌లో ఇప్పటి టైం చెప్పే డేట్‌టైమ్.నౌ ప్రాపర్టీ కదా, చదివిన ప్రతిసారీ విలువ మారుతుంది. అది డేటానా, పనా?" అన్నారు. నోట మాట రాలేదు. ఇంకో సంగతి కూడా అప్పుడు నాకు తెలియదు. సీ షార్ప్‌లో ప్రాపర్టీ అనేది లోపల మెథడ్ల జతే. కంపైలర్ దాన్ని చదవడానికి గెట్ అని ఒకటి, మార్చడానికి సెట్ అని ఒకటి చేసి పెడుతుంది. అంటే నా డెఫినిషన్ మొదటికే తప్పు.

ఆ పత్తి సీజన్‌లో బాపుతో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లాను. జెండా పాట (ఆ రోజు రేటు తేల్చే వేలం) కోసం బస్తాల మీద కూర్చున్నప్పుడు కూడా నా చేతిలో నోట్‌బుక్ ఉంది. "ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అన్నాడు. పత్తి బస్తానే ఉదాహరణగా పెట్టి చెప్పాను. బస్తాకు సంబంధించి కొన్ని సంగతులు అడగంగనే చెప్పాలి, కొన్నిటికి ఏదో ఒకటి చెయ్యాలి, ఏది ఏందో తేలట్లేదు అన్నాను. ఆయన, "అంటే ఏంది, చూస్తే తెల్సేదా, కాంటా పెడితే తెల్సేదా, గంతే గదా" అన్నాడు.

నా నోట్స్‌లో లేని వాక్యం అదే. లోపల ఏం జరుగుతోందన్నది కాదు, వాడుకునేవాడు ఏం అనుకుంటాడన్నది లెక్క. కోడ్‌లో మెథడ్ పేరు పక్కన బ్రాకెట్లు పెడతాం, ప్రాపర్టీకి పెట్టం. బ్రాకెట్లు లేకుండా పేరు రాస్తే వాడి నమ్మకం ఇది: దీనికి టైం పట్టదు, చదివినందుకు ఏదీ మారదు, మళ్లీ చదివినా అదే వస్తుంది.

దీన్ని బస్తా మీద పెట్టి చూడండి. కాంటా అయిపోయి చీటీ మీద రాసిన బరువు ప్రాపర్టీ. బరువును రేటుతో గుణిస్తే వచ్చే మొత్తం కూడా ప్రాపర్టీగానే ఉండొచ్చు. లెక్క ఉన్నంత మాత్రాన మెథడ్ కానక్కర్లేదు, చిన్న గుణకారమే కదా. తేమ అలా కాదు. మీటర్ గుచ్చి చూడాలి, ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంది. సీసీఐ (కాటన్ కార్పొరేషన్) వాళ్లు 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తారు, 12 దాకా కోత పెట్టి కొంటారు. అందుకే మా ఇంట్లో తేమ కొలవడం అంటేనే టెన్షన్. 'తేమ కొలువు' అన్నది మెథడే. కొలిచాక చీటీలో పడ్డ అంకె మళ్లీ ప్రాపర్టీ.

సెట్ వైపుకు వస్తే ఇంకా తప్పులు చేస్తాం. ఫీల్డులన్నీ (క్లాస్ లోపల విలువలు దాచే వేరియబుల్స్) ప్రైవేట్ చేసి, అన్నిటికీ గెట్, సెట్ రాసేసి ఎన్‌క్యాప్సులేషన్, అంటే లోపలి డేటాను బయటివాళ్ల నుంచి కాపాడటం, అయిపోయింది అనుకుంటాం. బ్యాంక్ ఖాతా క్లాస్‌లో బ్యాలెన్స్‌కు పబ్లిక్ సెట్ ఇస్తే, ఎవడైనా వచ్చి నేరుగా అంకె మార్చేస్తాడు. బ్యాలెన్స్ చదవడానికే ఉండాలి, మార్చాలంటే జమ, విత్‌డ్రా అనే మెథడ్ల గుండానే పోవాలి. అలాగే రెండు ప్రాపర్టీల్లో ఒకటి ముందు సెట్ చేస్తేనే రెండోది పనిచేస్తుంది అంటే, ఆ రెండింటినీ కలిపి తీసుకునే ఒక మెథడ్ రాయడం మంచిది.

అర్రే (వరసగా పేర్చిన విలువల జాబితా) తిరిగిచ్చే ప్రాపర్టీ నన్ను బాగా భయపెట్టింది. లోపలి అర్రే పాడుకాకుండా ప్రతిసారీ కాపీ ఇస్తున్నామనుకోండి. 1000 బస్తాల మీద లూప్ తిప్పేవాడు కండిషన్‌లో ఒకసారి, లోపల ఒకసారి ఆ పేరు రాస్తాడు. సుమారు 2000 కాపీలు, ఒక్కోదానిలో 1000, మొత్తం 20 లక్షల ఎలిమెంట్లు. కోడ్ చూస్తే అమాయకంగా ఉంటుంది. అదే పేరు పక్కన బ్రాకెట్లు ఉంటే, మనిషి ఒక్కసారి పిలిచి వేరియబుల్‌లో దాచుకుంటాడు.

పరీక్షలో బిట్ ప్రశ్నల కోసం చదివేవాళ్లు జావాలో అర్రే లెంగ్త్‌కు బ్రాకెట్లు ఉండవు, స్ట్రింగ్ లెంగ్త్‌కు ఉంటాయి అన్నది మర్చిపోవద్దు. మొదటిది ఫీల్డ్, రెండోది మెథడ్. జావాలో సీ షార్ప్ లాంటి ప్రాపర్టీలే లేవు, గెట్, సెట్ అని పేర్లు పెట్టుకునే ఆనవాయితీ మాత్రమే ఉంది. పైథాన్‌లో మెథడ్ రాసి పైన ప్రాపర్టీ డెకరేటర్ (@property అనే గుర్తు) పెడితే బ్రాకెట్లు పోతాయి. సీ షార్ప్ లిస్టుకు కౌంట్ అని ప్రాపర్టీ ఉంది, లింక్ (LINQ) అనే సీ షార్ప్ లైబ్రరీలో అదే పేరుతో మెథడూ ఉంది. ఆ మెథడ్ కొన్ని సీక్వెన్సులను మొదటి నుంచి చివరి దాకా లెక్కపెట్టాల్సి వస్తుంది. పేరొకటే, బ్రాకెట్లే ఖర్చు చెప్తున్నాయి.

ఇక మేడం అడిగిన నౌ. మన లెక్క ప్రకారం అది మెథడ్‌గా ఉండాల్సింది. అదే లైబ్రరీలో ప్రతిసారీ కొత్త ఐడీ ఇచ్చే న్యూగిడ్ (NewGuid)ను మెథడ్‌గానే పెట్టారు చూడండి. పెద్ద లైబ్రరీలో ఉన్నంత మాత్రాన ప్రతిదీ ఆదర్శం కాదని ఆ రోజు అనగలిగితే బాగుండేది.

తర్వాతి ఇంటర్వ్యూలో, ఇంకో కాలేజీలో, స్టూడెంట్ క్లాస్ బోర్డు మీద రాయమన్నారు. పుట్టిన తేదీని ప్రాపర్టీగా రాసి, వయసును మెథడ్‌గా రాశాను. "తీసివేతే కదా, ప్రాపర్టీ చాలదా?" అన్నారు ఒక సార్. నోటిఫికేషన్‌లో ఏమని ఉంటుంది సార్, జూలై 1 నాటికి వయసు అని కదా, ఏ తేదీ నాటికో చెప్పకుండా వయసు ఎలా చెప్తాం, ఆ తేదీని ప్రాపర్టీకి ఎలా ఇస్తాం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఈ రోజు వయసుకు ప్రాపర్టీ, తేదీ ఇస్తే మెథడ్, రెండూ పెట్టొచ్చు అన్నారు. నేను ఒకటే చాలన్నాను. సుద్దముక్క ఆయన తీసుకున్నారు, మళ్లీ నేను తీసుకున్నాను. బయట లైన్‌లో ఉన్నవాళ్లు తలుపు తీసి చూసి వెళ్లారు.