టైరు మార్చే ముందు జాకీ గురించి నాలుగు మాటలు

దారిలో పంక్చరైన టైరును మార్చడం గురించి రాసేవారు ఎక్కువగా నట్లు విప్పడం, బిగించడం దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో నట్లు అసలు సమస్య కాదు. ఆ కాసేపట్లో ప్రాణానికి ముప్పు రెండు వైపుల నుంచే వస్తుంది: ఒకటి వెనక నుంచి వచ్చే వాహనాలు, రెండోది జాకీ మీద నిలబడి ఉన్న మన బండి.

టైరులో గాలి పోయిందని తెలియగానే బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగును రెండు చేతులతో నిలకడగా పట్టుకుని, యాక్సిలరేటరు మీది నుంచి కాలు మెల్లగా తీసి, వేగం దానంతట అదే తగ్గేలా చూడాలి. తర్వాత హజార్డ్ లైట్లు వేసుకుని, చదునైన గట్టి నేల, దూరం నుంచే కనిపించే చోటు దొరికేదాకా నెమ్మదిగా ముందుకు పోవచ్చు. అలా నడిపితే రిమ్ము పాడవుతుందని కొందరు జంకుతారు. పాడైతే కానివ్వండి, మలుపులోనో వంతెన మీదో చక్రం పక్కన కూర్చోవడం కంటే కొత్త రిమ్ము కొనుక్కోవడమే మేలు. పంక్చరైన చక్రం వాహనాలు పోయే వైపే ఉండి, పక్కన చాలినంత జాగా లేకపోతే, టైరు మార్చే ఆలోచనే మానుకుని, అందరూ రోడ్డుకు దూరంగా నిలబడి సహాయం కోసం ఫోన్ చేయాలి.

జాగా బాగానే ఉన్నా బండిలో ఎవరూ కూర్చుని ఉండకూడదు, నిద్రపోతున్న పిల్లలైనా సరే. వెనక వచ్చేవారికి హెచ్చరికగా పెట్టే ఎర్ర త్రికోణాన్ని బండికి ఆనించినట్టు పెడితే ప్రయోజనం లేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు సుమారు 28 మీటర్లు దాటుతుంది కాబట్టి, త్రికోణాన్ని 50 మీటర్ల వెనక పెట్టినా, ఆ దూరం దాటడానికి దానికి రెండు సెకన్లు కూడా పట్టదు. వేగంగా వాహనాలు పోయే రోడ్డయితే త్రికోణం ఇంకా వెనక ఉండాలి, అది పెట్టడానికి వెళ్లడమే ప్రమాదమనిపిస్తే మాత్రం వెళ్లనే కూడదు.

ఇక జాకీ సంగతి. హ్యాండ్ బ్రేకు వేశాం, గేరులో పెట్టాం, ఇంక బండి కదలదనుకుంటాం. అయితే చాలా కార్లలో హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పట్టి ఉంచుతుంది. ఇంజను బలం ముందు చక్రాలకు అందే కారులో ముందు చక్రాన్ని ఒకదాన్ని పైకి లేపగానే గేరు పట్టు దాదాపు పోతుంది, ఎందుకంటే గాలిలో ఉన్న చక్రం ఒక దిక్కుకు తిరుగుతుంటే, నేల మీది చక్రం రెండో దిక్కుకు తిరగడానికి డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలను వేర్వేరుగా తిరగనిచ్చే గేర్ల అమరిక) వీలు కల్పిస్తుంది. అదే వెనక చక్రాన్ని లేపితే, హ్యాండ్ బ్రేకు పట్టు నేల మీద మిగిలిన ఒక్క వెనక చక్రానికే దక్కుతుంది. అందుకే బ్రేకు, గేరు రెండూ వేయాలి, వాటితో పాటు లేపబోయే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. రాళ్ల పనిని అనవసరమైన చాదస్తంగా చూసేవారిని నేను చాలామందినే ఎరుగుదును.

నట్లను చక్రం నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేయాలి. పైకి లేపాక ప్రయత్నిస్తే చక్రం స్పానరుతో పాటు తిరుగుతుంది, పైగా ఆ గుంజుడుకు బండి జాకీ మీది నుంచి జారవచ్చు. జాకీని తలుపులకు కింద ఉండే బండి అంచున, తయారీదారు గుర్తు పెట్టిన చోటనే ఆనించాలి. నేల మెత్తగా ఉంటే కింద మందపాటి చెక్క వేయాలి. జాకీ బండిని లేపే సాధనమే తప్ప నిలబెట్టే ఆధారం కాదు, కనుక చేయి గానీ కాలు గానీ బండి కిందికి పోనివ్వకూడదు. స్టెప్నీని బండి అంచు కింద పడుకోబెట్టి, చక్రం ఊడదీశాక దాని స్థానంలో పాతదాన్ని పెడితే, జాకీ జారినా బండి పూర్తిగా నేలకు తగలదు.

స్టెప్నీ ఎక్కించడం తేలికే. నట్ల ఏటవాలు వైపు చక్రానికి ఆనేలా చేత్తో తిప్పి, బండిని దించాక ఎదురెదురుగా ఉన్నవాటిని వరుసగా బిగించాలి. స్పానరు మీద ఎక్కి నిలబడి బిగించడం మంచిది కాదు. నట్టు మరలు దెబ్బతింటాయి. తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరోసారి బిగువు చూసుకోవాలి.

సన్నని తాత్కాలిక స్టెప్నీ అయితే సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు దాటరాదు. గాలి ఒత్తిడి 60 పీఎస్ఐ (టైరు గాలిని కొలిచే ప్రమాణం) దాకా ఉండాల్సి వస్తుంది, సరైన అంకె టైరు మీదే రాసి ఉంటుంది. స్టెప్నీలో గాలి ఉందో లేదో, తాళం నట్టు (చక్రం దొంగిలించకుండా వేసే, ప్రత్యేక సాకెట్టుతోనే విప్పగలిగే నట్టు) ఉన్న బండి అయితే దాన్ని విప్పే సాకెట్టు బండిలోనే ఉందో లేదో ప్రయాణానికి ముందే చూసుకోవాలి. సాకెట్టు లేకపోతే జాకీ, స్పానరు ఎంత మంచివైనా ఆ చక్రం ఊడి రాదు.