ముందు ఇంటి ప్లాను గీయండి

మన కౌన్సెలింగ్ డిప్లొమా 2011–12 బ్యాచ్ వాళ్లు ఎక్కడ ఎదురుపడినా క్షేమసమాచారాల కంటే ముందు "గడియ ఉందా?" అని అడుగుతారు. మొన్న నారాయణగూడలో ఇరానీ చాయ్ తాగుతూ అలాగే పలకరించుకుంటే పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు. బయటివాళ్లకు అర్థం కాదు గానీ, ఈ సంచిక చదివే సీనియర్లకు ఈపాటికి మేడమ్ గొంతు వినపడే ఉంటుంది.

జూనియర్ల కోసం చెప్తాను. దంపతుల కౌన్సెలింగ్, సెక్స్ థెరపీ డిప్లొమాలో చేరినవాళ్లకు మేడమ్ మొట్టమొదట ఇచ్చింది ఒక తెల్లకాగితం. మీ ఇంటి ప్లాను గీయండి, రాత్రిపూట ఎవరు ఎక్కడ పడుకుంటారో పేర్లు రాయండి, ఏ తలుపుకు లోపల గడియ ఉందో గుర్తు పెట్టండి అన్నారు. నవ్వుకుంటూ మొదలుపెట్టాం. గీసేసరికి నవ్వులు తగ్గాయి. మాతోపాటు చదివిన గైనకాలజిస్టు గారింట్లో బాల్కనీకి దారి వాళ్ల పడకగదిలోంచే. మామగారు తెల్లారకముందే తులసికోటకు నీళ్లు పోయడానికి అటే వెళ్తారట. "అందుకని గడియ పెట్టుకోం" అన్నారావిడ. రోజూ పదిమంది దంపతులకు సలహాలు చెప్పే డాక్టరు!

ఈ ప్లాను సంగతి ఎందుకంత ముఖ్యమో మాకు మాస్టర్స్, జాన్సన్ పాఠం వచ్చినప్పుడు అర్థమైంది. విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో నడిపిన పద్ధతి 1970లో లోకానికి తెలిసింది. భార్యాభర్తలిద్దరూ ఊరు, ఉద్యోగం, పిల్లల్ని వదిలి అక్కడికొచ్చి రెండు వారాలు బస చేసేవారు. రోజూ సెషన్. థెరపిస్టులు కూడా ఇద్దరు, ఒక మగ, ఒక ఆడ. గదికి తిరిగి వెళ్లాక చేయాల్సిన హోంవర్కే సెన్సేట్ ఫోకస్. మొదట కలయిక పూర్తిగా నిషేధం. రొమ్ములు, జననాంగాలు కూడా వదిలేసి మిగతా ఒంటిని వంతులవారీగా తాకడం, ఆ స్పర్శ ఎలా ఉందో గమనించడం, అంతే. ఉద్రేకం రావాలన్న షరతు లేదు. "ఈసారైనా అవుతుందా, కాదా" అని మనిషి తన ఒంటికి తానే పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా నిలబడి చూసుకుంటుంటే ఏ ఒళ్లూ సహకరించదు. వాళ్లు దానికి స్పెక్టేటరింగ్ అని పేరు పెట్టారు. పరీక్షే రద్దు చేస్తే టెన్షన్ పోతుందన్నది ఆ నిషేధం వెనక ఉన్న లెక్క.

మరి మన దగ్గరకు వచ్చేవాళ్లు? ఉప్పల్ నుంచో లింగంపల్లి నుంచో శనివారం పూట వస్తారు. బయట బెంచీ మీద అత్తగారొక చివర, అమ్మ ఒక చివర. వాళ్లకు రెండు వారాల హోటల్ ఎక్కడ తెస్తాం?

ఒక మాక్ సెషన్ బాగా గుర్తుంది. ఇది ఏ క్లయింటు కథా కాదు, క్లాసులో మేం కట్టిన వేషం. థెరపిస్టు వేషంలో ఉన్నావిడ సెన్సేట్ ఫోకస్ మొదటి మెట్టు చాలా చక్కగా వివరించింది. భర్త వేషం వేసినాయన అంతా విని, "గంటసేపు అంటున్రు గద మేడం, మేం హాల్ల పండుకుంటం. రూంల అమ్మ, మా చెల్లె ఉంటరు" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. మేడమ్ మాత్రం నవ్వలేదు. "ఇప్పుడు చెప్పమ్మా, ఏ గదిలో చేస్తారు హోంవర్కు?" ఆ రోజు మిగతా సమయమంతా దాని మీదే. అమ్మ గుడికెళ్లే సాయంత్రం ఏది, చెల్లెలి కాలేజీ ఎన్నింటికి, ఆ గది వారంలో ఒక పూటైనా వీళ్లకు దొరుకుతుందా, తలుపుకు గడియ బిగించడానికి ఎంతవుతుంది. చివరికి మొదటి వారం హోంవర్కు గడియ బిగించుకోవడమే అని తేల్చారు. వినడానికి వడ్రంగి పనిలా ఉంటుంది. కానీ గడియ కావాలని అమ్మకు చెప్పేది ఎవరు? కొడుకా, కోడలా? కోడలితో చెప్పిస్తే ఆ సంసారంలో ఏం జరుగుతోందో సగం అక్కడే తెలిసిపోతుంది. మిగతా సగం కొడుకు ఆ వారమంతా చెప్పకుండా దాటేస్తే తెలుస్తుంది.

కౌన్సెలింగ్ వైపు పాఠాల్లో నాకు నచ్చింది జాన్ గాట్‌మన్. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఏళ్ల తరబడి దంపతులు మాట్లాడుకుంటుంటే రికార్డు చేసి చూసిన మనిషి. విమర్శ, ఈసడింపు, ప్రతిదానికీ సమర్థించుకోవడం, నోరు కట్టేసుకుని గోడలా కూర్చోవడం, ఈ నాలుగూ కాపురాన్ని కూలుస్తాయని, అందులో ఈసడింపు మరీ ప్రమాదమని ఆయన చెప్పారు. మన ఆడవాళ్ల మూతివిరుపు, మగవాళ్ల "ఆఁ, తెలుసులే" ఉన్నాయే, మేడమ్ మాక్ సెషన్లలో వాటిని బోర్డు మీద గీతలు పెట్టి లెక్కేసేవారు.

సర్ క్లాసులు వేరే రకం. సైకియాట్రిస్టు కదా, ఏ కేసు చెప్పినా ముందు "షుగర్ చూశారా?" అనేవారు. అంగస్తంభన సమస్యతో వచ్చినవాడికి షుగరు, బీపీ, వాడుతున్న మందులు చూడకుండా మాటలతో వైద్యం మొదలుపెడితే ఊరుకునేవారు కాదు. ఒక్కోసారి గుండెజబ్బుకు అదే ముందస్తు హెచ్చరిక అని, డిప్రెషన్‌కు వాడే మాత్రల్లో కొన్ని కోరికను తగ్గిస్తాయని అప్పుడే తెలిసింది. నరాల బలహీనత అంటూ, గోడల మీద రాతలు చూసి లాడ్జి గదుల్లో వేలకు వేలు పోసి వచ్చే కుర్రాళ్ల గురించి ఆయనకు ప్రత్యేకమైన శ్రద్ధ. వీర్యం పోతే ఒంట్లో సత్తువంతా పోతుందన్న భయాన్ని 1960లో ఎన్.ఎన్. విగ్ ధాత్ సిండ్రోమ్ అన్నారు. "ఏం లేదు, పొమ్మనకండి. వాడి నీరసం నిజం, దిగులు నిజం. ముందు అవి వినండి" అనేవారు సర్.

పెళ్లయి ఏళ్లయినా కలయికే జరగని జంటలు పిల్లలు లేరంటూ ఫెర్టిలిటీ సెంటర్‌కు వెళ్లి, అక్కడి నుంచి మన దగ్గరకు వస్తారని కూడా ఈ కోర్సులోనే తెలిసింది. భయంతో యోని కండరాలు బిగుసుకుపోయే అమ్మాయికి చిన్న సైజు డైలేటర్‌తో (లోపల పెట్టుకునే నున్నటి కడ్డీ లాంటి సాధనం) మొదలుపెట్టి, తన వేగంలో, తన చేత్తోనే అలవాటు చేయించాలి. "రిలాక్స్ అవ్వమ్మా" అన్న మాట క్లాసులో నిషేధం. మేం పరీక్షకు బట్టీపట్టిన ఆ జబ్బు పేరు వెజైనిస్మస్. 2013లో మానసిక రుగ్మతల అమెరికన్ జాబితా డీఎస్ఎం-5 వచ్చి ఆ పేరు మార్చేసింది లెండి. మా సిలబస్‌లో జంట అంటే ఆడ, మగ అనే ఉండేది. 2018లో సుప్రీంకోర్టు స్వలింగ సంపర్కం నేరం కాదని 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చాక వచ్చిన బ్యాచ్‌లకు అదీ మారింది, మంచిదే.

సెక్స్ సమస్యలతో వచ్చినవాళ్లకు సాయం చేయడానికి అమెరికా సైకాలజిస్టు జాక్ ఆనన్ 1976లో చెప్పిన నాలుగు మెట్లలో మొదటిది అనుమతి, రెండోది కాస్త సమాచారం, మూడోది ఆ జంటకు తగిన సలహా, ఆఖరిది పూర్తిస్థాయి థెరపీ. నా అనుభవంలో చాలామందికి మొదటి రెండు మెట్లతోనే పనైపోతుంది. డాక్టర్ సమరం గారు ఏళ్ల తరబడి పత్రికల్లో జవాబులు రాస్తూ తెలుగువాళ్లకు చేసిన ఉపకారం ఆ రెండు మెట్లే. థెరపిస్టులం అని మనం మరీ పొంగిపోనక్కర్లేదు.

ఒక విషయంలో మాత్రం మేడమ్ కఠినంగా ఉండేవారు. ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టే ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. కొడతాడా, భయపడుతున్నావా అని అడగాలి. అవునంటే జంట సెషన్ లేదు. ఆ అమ్మాయి భద్రత ముందు, 2005 గృహహింస చట్టం సంగతి ముందు. పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులో పనిచేసిన మా బ్యాచ్‌మేట్ దీని మీద గట్టిగా వాదించేది, "కలపడమే మన పనా?" అని. విడిగా చెప్పిన రహస్యం రెండోవాళ్లకు చెప్పాలా వద్దా అన్నదాని మీద మేం చేసుకున్న గొడవ ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులో నడుస్తోంది. ఏం చేస్తామో మొదటి రోజే ఇద్దరికీ చెప్పేయాలన్నంత వరకే మాకు ఏకాభిప్రాయం.

2020 లాక్‌డౌన్‌లో ఇంటినిండా మనుషులు. నాతో వీడియోలో మాట్లాడిన జంటలు కొందరు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కారు అద్దాలు ఎత్తుకుని కూర్చునేవారు. వాచ్‌మన్ వచ్చి అద్దం మీద కొడితే సెషన్‌కు బ్రేక్.

నాకున్న బాధ ఒక్కటే. మన దేశంలో సెక్స్ థెరపిస్టుకంటూ విడిగా లైసెన్సు లేదు. రెండు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో బోర్డులు లేస్తున్నాయి. మన కోర్సులో అసలు చదువు మాక్ సెషన్లు, ఆ తర్వాత కేసు పట్టుకుని మేడమ్ ముందు, సర్ ముందు కూర్చుని తిన్న చీవాట్లు. ఇప్పటి పిల్లలకు అవే దొరకడం లేదు. అందుకని ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం జూనియర్ల కేసులు వినడానికి మా బ్యాచ్ నుంచి కొందరం కూర్చుందామనుకున్నాం. హాలు ఇవ్వడానికి అసోసియేషన్ ఒప్పుకుంది. క్లయింటు పేరు, ఊరు, ఉద్యోగం తీసేసి రాసుకురండి. ఫోన్లు బయట పెట్టాలి, రికార్డింగ్ ఉండదు. చాయ్, ఉస్మానియా బిస్కెట్ల ఖర్చు మా బ్యాచ్‌ది.